సుంకము కట్టని కానుక



2024వ సంవత్సరపు వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మా సంఘములోని యౌవనస్థుడొకడు నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఒక సంగతి అడగాలి. తప్పయితే తప్పని చెప్పండి" అనెను. అతడు పెండ్లిండ్లకు ఫొటోలు తీసి జీవించువాడు. తండ్రి లేడు. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న అన్న క్రిస్మసుకు ఇంటికి వచ్చుచు, తమ్మునికి కానుకగా ఒక కెమెరా తెచ్చెదనని మాట ఇచ్చెను. ఆ కానుకయే ఇతని సందేహమునకు కారణము.

ఆ కెమెరా పేరు ఫ్యూజీఫిల్మ్ ఎక్స్ 100 సిక్స్. ఆ యేడు ఫిబ్రవరి 20న టోక్యోలో దానిని ప్రకటించిరి. అది చేతిలో ఇముడునంత చిన్నది, చూపునకు పాతకాలపు కెమెరా వంటిది. దాని లెన్సు ఊడదీసి వేరొకటి పెట్టుటకైనను వీలులేదు. అయినను లోకమంతట జనులు దానికొరకు ఎగబడిరి. డబ్బు చేతబట్టుకొని నెలల తరబడి కనిపెట్టినవారున్నారు. ముందుగా కొని, హెచ్చు ధరకు మరల అమ్ముకొనినవారును ఉన్నారు. అమెరికాలో దాని నాటి ధర 1,599 డాలర్లు, అనగా మన లెక్కలో సుమారు 1,33,000 రూపాయలు.

విదేశమునుండి వచ్చు ప్రయాణికుల సామానులకు ఆ దినములలో 2016 నాటి నియమములు అమలులో నుండెను. వాని ప్రకారము 50,000 రూపాయల విలువ వరకు సుంకము లేదు. ఆపై విలువకు నూటికి 38 రూపాయల 50 పైసలు కట్టవలెను. ఈ లెక్కన ఆ కెమెరాకు 32,000 రూపాయల వరకు సుంకమగును. ఈ మొత్తములు అప్పుడప్పుడు మారుచుండును గాని, తెచ్చిన సామాను ఇది అని తెలియజెప్పవలెనను బాధ్యతను 1962 నాటి కస్టమ్సు చట్టమే ప్రయాణికుని మీద ఉంచినది.

విమానాశ్రయములో రెండు త్రోవలుండును. సుంకము కట్టవలసిన వస్తువు లేనివారికి ఆకుపచ్చ త్రోవ, ఉన్నవారికి ఎర్ర త్రోవ. అన్న ఫోనులో ఏమనెననగా, "పెట్టె అక్కడే పారేసి, కెమెరా మెడలో వేసుకుని, పచ్చ త్రోవన నడిచి వచ్చేస్తాను. అందరూ చేసేదే."

"ఇది పాపమేనా అయ్యగారూ? ఎవరి సొమ్మూ దొంగిలించడం లేదు గదా!" అని ఆ యౌవనస్థుడు అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఏలయనగా, కొన్ని యేండ్ల క్రిందట కువైటునుండి వచ్చిన మా చెల్లెలు నా కుమార్తె పెండ్లికి బంగారు గొలుసు తెచ్చెను. దానిని విమానాశ్రయములో చూపించితివా అని నేను అడిగినవాడను కాను. అడిగినయెడల ఏమి వినవలసి వచ్చునో అని అడుగలేదు. తెలియకపోవుట వేరు, తెలిసికొనకుండ జాగ్రత్తపడుట వేరు.

ఆ రాత్రి యెహోషువ గ్రంథము 7వ అధ్యాయము తెరచితిని. ఆకాను యెరికోలో చూచినది మన ఊరి నేత బట్ట కాదు. దూరదేశమైన షీనారునుండి వచ్చిన పైవస్త్రము. నాటి జనులు కోరుకొనిన విదేశపు సరకు అది. చూచెను, ఆశించెను, తీసికొనెను, దాచెను. అయితే ఒక సంగతి గమనించుడి. ఆ వస్త్రమును అతడు ఒక్క దినమైనను కట్టుకొనలేదు. డేరా నేలలో పాతిపెట్టెను. దాచవలసిన వస్తువు మనదైనను మనకు అక్కరకు రాదు. మరియొక సంగతి: హాయి పట్టణము నెదుట మొదట కూలినవాడు ఆకాను కాడు. ఆ వస్త్రము సంగతియే ఎరుగని ముప్పదియారుగురు కూలిరి.

మరుసటి ఆదివారము ఆ యౌవనస్థునితో ఇట్లంటిని: "నాయనా, కెమెరా కోరుట పాపము కాదు. అది నీ చేతి పనిముట్టు. అయితే ఆ ఆకుపచ్చ త్రోవలో నడుచువాడు నీవు కావు, నీ అన్న. అధికారి ఆపి అడిగినయెడల అబద్ధమాడవలసిన నోరు అతనిది. పట్టుబడినయెడల వస్తువు పోవుట, జరిమానా, పదిమందిలో అవమానము అతనికే. నీ ముచ్చట కొరకు నీ అన్న అబద్ధికుడు కావలెనా?"

"సుంకమే అన్యాయమనిపిస్తోంది" అని అతడనెను.

అట్లే కావచ్చును. అధికమని తోచినయెడల ఆ మాట బహిరంగముగా చెప్పుటకు, ప్రతినిధులకు వ్రాయుటకు మనకు హక్కున్నది. రోమా ప్రభుత్వపు పన్నులు న్యాయమైనవని పౌలు ఎక్కడను చెప్పలేదు. అయినను సుంకము చెల్లవలసినవారికి చెల్లించుడని రోమా సంఘమునకు వ్రాసెను (13:7). పట్నములో సుంకము కట్టి, రసీదిచ్చి అమ్ము చిన్న దుకాణదారుని తలంచుడి. సుంకము ఎగవేసినవాని ముందర అతని న్యాయమైన ధర అన్యాయముగా కనబడును. ఇక ఎవరి సొమ్ము పోలేదని ఎట్లు చెప్పగలము?

మరికొందరు విదేశపు దుకాణమునుండి టపాలో వస్తువు తెప్పించుకొని, పార్సెలు మీద తక్కువ విలువ వ్రాయింతురు. ఆ వస్తువే ఇంటికి చేరిన పిమ్మట దాని అసలు ధర పదిమందికి చెప్పి సంతోషింతురు. బేరమాడునప్పుడు వస్తువును చులకన చేసి, ఆపైన దాని గొప్ప చెప్పుకొను మనుష్యుని సామెతల గ్రంథము (20:14) ఏనాడో ఎరిగియున్నది.

ఆ యౌవనస్థుడు అన్నకు ఇట్లు వ్రాసెను: "రసీదుతో తే. ఎర్ర త్రోవన రా. సుంకము నేను కడతాను. క్రిస్మసులోగా ఆ డబ్బు కూడకపోతే తేవద్దు." అన్నకు కొంత కోపము వచ్చినదట. డబ్బు కూడలేదు, ఆ యేడు కెమెరా రాలేదు. క్రిస్మసు నాటకములో మన పిల్లల ఫొటోలు అతడు తన పాత కెమెరాతోనే తీసెను. అన్న వచ్చినప్పుడు ఇరువురు ఒక బల్లమీద కూర్చుండుట చూచితిని.

నేను మా చెల్లెలికి ఫోను చేసి ఆ గొలుసు సంగతి అడిగితిని. ఆమె చాలాసేపు మాటలాడలేదు. ఆ మౌనములో నా పాలు నాకు తెలిసినది.

మన పల్లెలలో అనేక గృహములకు కువైటులోనో, దుబాయిలోనో, అమెరికాలోనో బిడ్డలున్నారు. "వచ్చేటప్పుడు అది తే, ఇది తే" అని మనము తేలికగా చెప్పుదుము. చెప్పునప్పుడు ఇంకొక మాట కూడ చేర్చుదము: "చూపించి తే, చూపించలేనిదైతే వద్దు." మన యింటికి వచ్చు కానుక దాచనక్కరలేనిదై యుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక.