తొట్టిలో గీత

మన రచయితలకి నీళ్లంటే మహా ప్రీతి. గోదావరి గట్టు మీద ఎన్ని నవలలు పుట్టాయో, కృష్ణ ఒడ్డున ఎన్ని ప్రేమలు విఫలమయ్యాయో లెక్కలేదు. నేనేం తక్కువ తినలేదు లెండి. నా కథానాయికల్లో ఇద్దరు ముగ్గురు చెరువు గట్టున కూర్చుని కొంగుతో కళ్లొత్తుకున్నవాళ్లే. కానీ బాత్‌రూము మూలన, మూత పెట్టిన తెల్లటి తొట్టిలో బుద్ధిగా నిలబడి ఉండే నీళ్ల గురించి నాకు తెలిసి ఎవరూ నాలుగు ముక్కలు రాసిన పాపాన పోలేదు. రాస్తే చదివేవాళ్లు ఏమనుకుంటారో అని భయం కాబోలు. "ఛీ, ఇదేం విషయం!" అని మీరూ ఈ పాటికి ముక్కు చిట్లించే ఉంటారు. ఒక్క నిమిషం ఆగండి.

ఆ తొట్టిలో నీళ్లు ఎక్కడివనుకున్నారు? మా హైదరాబాదు సంగతే చెబుతాను. 1908లో మూసీ పొంగి ఊరిని ముంచేశాక, మళ్లీ అంత వరద రాకుండా గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. చాలాకాలం ఊరి దాహానికి ఆ రెండే ఆధారం. ఊరు పెరిగింది. మంజీర వచ్చింది. అది చాలక కృష్ణని తెచ్చారు. అదీ చాలక 2015లో గోదావరిని తెచ్చారు. సరిగ్గా ఆ ఏడే గోదావరికి పుష్కరాలు. మనవాళ్లు రైళ్లెక్కి, బస్సులెక్కి, మూడు మునకలు వేయడానికి అంతదూరం వెళ్లారు. ఆ నదీమతల్లే వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నడిచి, పంపులతో గట్లెక్కి, శుభ్రపడి, మన ఇంటికొచ్చి, ఆ తొట్టిలో కూర్చుని, మన వేలు మీట ఎప్పుడు నొక్కుతుందా అని ఎదురుచూస్తోంది. తాగేదీ అవే నీళ్లు, దేవుడికి అభిషేకం చేసేదీ అవే, ఇక్కడ పోసేదీ అవే. మరి వాటి గురించి ఆలోచించడంలో తప్పేముంది?

ఎప్పుడైనా ఆ మూత ఎత్తి చూశారా? మా చిన్నప్పటి తొట్లు తల మీద ఎక్కడో ఎత్తున ఉండేవి. ఇనపవి. గొలుసు లాగితే రైలొచ్చినట్టు శబ్దం. ఇప్పటివి నడుమెత్తున ఉన్నాయి కనుక మూత తియ్యడం ఆడవాళ్లకీ కష్టం కాదు. లోపల బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక బంతి, దానికో కాడ, కాడ రెండో చివర నీళ్లు వదిలే వాల్వు. నీళ్లు దిగిపోతే బంతి కిందకి వాలుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. నీళ్లు నిండినకొద్దీ బంతి తేలుతూ పైకొచ్చి వాల్వుని మూసేస్తుంది. కరెంటు లేదు, బాటరీ లేదు. "ఇక చాలు" అనడం తెలిసిన వస్తువు మా ఇంట్లో అదొక్కటే అనిపిస్తుంది నాకు.

అయితే ఆ "చాలు" ఎక్కడ అనాలో మనం చెప్పాలి. తొట్టి మధ్యలో నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. నీళ్లు తొట్టి అంచు దాటి గదంతా పారకుండా, ఎక్కువైనవి ఆ గొట్టంలోంచి బేసినులోకి దిగిపోవడానికి పెట్టిన ఏర్పాటు. బంతి మరీ పైకి అమర్చి ఉంటే నీళ్లు ఆ గొట్టం మూతి దాకా వచ్చి లోపలికి జారుతూనే ఉంటాయి. వాల్వు మూసుకోదు. పగలూ రాత్రీ జారుతూనే ఉంటాయి. మన నేల తడవదు, మన చీర కుచ్చెళ్లు తడవవు. పాలు పొంగితే మాడు వాసనకి పరుగెత్తుకెళతాం. ఈ పొంగుకి వాసన లేదు, మరక లేదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక చెవి ఒగ్గి వింటే సన్నటి చప్పుడు వినబడుతుంది, అంతే. మన ఇంటిని కాపాడటానికి పెట్టిన గొట్టమే మన దుబారాని మన కంటపడకుండా దాస్తుంది! సంసారాల్లో ఇలాంటి గొట్టాలు ఇంకెన్ని ఉన్నాయో అనుకుంటాను గానీ, అది వేరే వ్యాసం.

అనుమానం ఉంటే తొట్టిలో నాలుగు చుక్కల బట్టల నీలిమందు వేసి, పావుగంట మీట జోలికి పోకండి. బేసినులోకి నీలం దిగిందంటే కారుతున్నట్టే. నీళ్లు ఆ నిలువు గొట్టం మూతికి ఒక అంగుళం కింద ఆగాలి. చాలా తొట్లలో లోపల ఒక గీత కూడా గీసి ఉంటుంది. ఇత్తడి కాడ అయితే మెల్లగా కిందికి వంచాలి. ప్లాస్టిక్‌దైతే చిన్న మరో, క్లిప్పో ఉంటుంది. రెండు నిమిషాల పని. చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వస్తే కుక్కరు రెండో విజిల్ కూడా వెయ్యదు.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది మా ఇంట్లో. గొట్టం మూతికి కింద అన్నారు సరే, ఎంత కింద? మా వారు లెక్కల మనిషి. నలుగురం, మనిషికి రోజుకి ఐదుసార్లు, పాత పది లీటర్ల తొట్టి, వెరసి 200 లీటర్లు అన్నారు. నొక్కినప్పుడల్లా 2 లీటర్లు తగ్గిస్తే రోజుకి 40, నెలకి 1,200, నాలుగు నెలలకి ఇంచుమించు ఒక 5,000 లీటర్ల ట్యాంకరు మిగిలినట్టే. ఎండాకాలంలో ట్యాంకరు కోసం వాచ్‌మన్‌ని ఎన్నిసార్లు తరుముతామో తెలిసినదాన్ని, ఆ లెక్కకి నేను తల ఊపాను. ఆయన ఊరుకున్నారా? రెండు తగ్గిస్తే ఇంత మిగిలితే, నాలుగు తగ్గిస్తే ఎంత మిగులుతుంది అని బంతిని ఇంకా దించారు. ఒక ఇటుక కూడా తెచ్చి తొట్టిలో పెట్టబోతే నేనే అడ్డుకున్నాను, ఇటుక నాని మట్టి రాలి వాల్వులో పడుతుందని.

మా అత్తగారు మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. "రెండుసార్లు నొక్కితే ఏం మిగిలినట్టురా అబ్బాయ్?"

నిజమే. అమెరికావాళ్లకీ ఇదే అనుభవమైంది. ఫ్లష్‌కి ఇంచుమించు 6 లీటర్లు మించకూడదని వాళ్లు 1992లో చట్టం చేశారు. తొట్టి చిన్నది చేశారు గానీ తొలిరోజుల్లో బేసిను తీరు మార్చలేదు. జనం రెండేసిసార్లు నొక్కి, ప్రభుత్వాన్ని తిట్టుకున్నారు. తర్వాత బేసినులే మారాయి. ఇప్పుడు మన కొత్త ఇళ్లలో వస్తున్న రెండు బొత్తాల తొట్లకి 3, 6 లీటర్లు చాలుతున్నాయంటే కింద బేసిను కూడా అందుకు తగ్గట్టు ఉంది కనుక. పెద్ద నీళ్ల కోసం చేసిన పాత బేసినుకి చిన్న నీళ్లు పోసి పొదుపు అంటే, పదిమందికి వండే గిన్నెలో గుప్పెడు బియ్యం పోసి మాడ్చుకోవడమే.

రెండుసార్లు నొక్కితే సరే. నొక్కకుండా వెళ్లిపోతే? మగవాళ్లూ పిల్లలూ చేసేది ఎక్కువగా అదే. మిగిలినదాన్ని బ్రష్షు పట్టుకుని శుభ్రం చేసేది ఎవరు? మన ఇళ్లలో ఇద్దరే ఇద్దరు. ఇల్లాలు, లేదా పనిచేయడానికి వచ్చే మనిషి. అంటే మా వారి లెక్కలో మిగిలిన నీళ్లు ఎక్కడినుంచో ఊడిపడలేదు. ఒక ఆడమనిషి మోచేతి సత్తువలోంచి వచ్చాయి. ఆ కాలమ్ ఆయన లెక్కలో లేదు.

"మా రోజుల్లో అసలు ఒక్క చుక్క ఖర్చయ్యేది కాదు" అనే పెద్దవాళ్లుంటారు. వాళ్ల మాట అబద్ధం కాదు. మా అమ్మమ్మ చెప్పేది, వాళ్ల పెరటిదొడ్డికి వెనక సందులోంచి వేరే చిన్న తలుపు ఉండేదట. తెల్లారకముందే ఒకామె వచ్చి, ఎత్తి, బూడిద చల్లి, తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయేది. ఆమె పేరేమిటని అడిగాను ఒకసారి. అమ్మమ్మకి తెలియదు. ఇరవై ఏళ్లు వచ్చిందట ఆ ఇంటికి. నీళ్లు ఖర్చు కాలేదు, నిజమే. మనిషి ఖర్చయింది. ఈ పని మనుషుల చేత చేయించకూడదని 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం చేయవలసి వచ్చింది. అదే కులంలో పుట్టి, ఆ పని మాన్పించడానికే బతుకంతా పెట్టిన బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. మురుగు గుంటల్లోకి మనుషులు దిగి ఊపిరాడక చనిపోయారన్న వార్త ఇప్పటికీ పేపర్లో చూస్తూనే ఉన్నాం.

నీళ్లు తక్కువైతే మనిషి చెయ్యి పెట్టాల్సిందేనా అంటే, అక్కర్లేదని చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. 1970లో బిందేశ్వర్ పాఠక్ బీహారులో సులభ్ సంస్థ మొదలుపెట్టారు. వాళ్ల మరుగుదొడ్డికి తొట్టే లేదు. బేసిను వాలు నిట్రంగా పెట్టారు కనుక చెంబెడు నీళ్లు, అంటే ఒకటిన్నర రెండు లీటర్లు పోస్తే చాలు. కింద రెండు గుంటలు. ఒకటి నిండితే రెండోది వాడుకుంటూ, మొదటిదాన్ని మూసి ఉంచితే అది ఎరువైపోతుంది. ఎవరూ తట్ట ఎత్తక్కర్లేదు. అదీ పొదుపంటే! నీళ్లు తగ్గించాడు, ఆ తగ్గినది ఇంకొకరి నెత్తికి ఎక్కకుండా చూశాడు. నిజానికి ఆయన మొదలుపెట్టింది రెండో చివరనుంచి. నెత్తి మీద తట్ట దించాలి, అందుకు ఎన్ని నీళ్లు కావాలి అని అడిగాడు.

ఇదంతా చెప్పి మా వారి చేత బంతి మళ్లీ పైకి పెట్టించానా, అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. ఇది చెబితే మా అపార్టుమెంటులో కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. మాకు పనిచేసే ఆవిడ ఉదయం ఆరింటికి వచ్చి మధ్యాహ్నం రెండు దాకా నాలుగిళ్లు చేస్తుంది. నాలుగిళ్లలో కలిపి ఏడు బాత్‌రూములు కడుగుతుంది. ఆ ఏడింటిలో ఒక్కటి కూడా ఆమె వాడుకోవడానికి లేదు, మా ఇంటిది తప్ప. "పొద్దుట్నించీ నీళ్లు తాగనండమ్మా, తాగితే మళ్లీ ఇబ్బంది" అంది ఒకరోజు, ఉప్పుడు పిండి పెట్టి గ్లాసు ఇస్తే. మే నెలలో! మిగతావాళ్లని అడిగితే, రోగాలని ఒకరు, అలవాటు చేస్తే వదలరని ఇంకొకరు. ఒకావిడ మాత్రం చాలా పెద్దరికంగా, "అసలే నీళ్లకి కటకటగా ఉంది కదండీ" అంది.

ఆరు లీటర్లు. కుక్కపిల్లకి స్నానం చేయించడానికి ఆవిడ అంతకు మూడింతలు వాడటం నేను చూశాను.

సెల్లార్లో వాచ్‌మన్ గది పక్కన ఒక దొడ్డి ఉంది. దానికి తొట్టి లేదు. డ్రమ్ములో నీళ్లు, మగ్గు. డ్రమ్ము నింపడం ఎవరి పనో ఎవరికీ తెలియదు కనుక అది ఎప్పుడూ సగం ఖాళీ. అసోసియేషన్ మీటింగులో నేను తొట్టి పెట్టించమన్నాను. "వాళ్లకి ఫ్లష్ ఎందుకమ్మా, నీళ్లు ఎలా వాడాలో తెలియదు" అన్నారొకరు. రాత్రంతా తొట్టి కారుతున్నా తెలియనివాళ్లం మనం కదండీ అన్నాను. మాట కొంచెం గట్టిగానే అన్నాను. గంటన్నర వాదించాక, రెండో అంతస్తువాళ్లు గోడలోకి దాచే కొత్తరకం పెట్టించుకున్నప్పుడు తీసేసిన పాత తొట్టిని కింద బిగించడానికి ఒప్పుకున్నారు. కొత్తది కొనమని నేను పట్టుబట్టి ఉండేదాన్నే గానీ, ఆ పాతది చూస్తే బాగానే ఉంది.

ప్లంబరు వచ్చి బిగించాడు. నేనూ దిగి వెళ్లాను. బంతి కాడ పట్టుకుని, "ఎంత పెట్టమంటారమ్మా?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోగా పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ మా పనావిడ, "ఆమెకేం తెలుస్తదన్నా, కడిగేది నేను గదా" అని ముందుకొచ్చి, తొట్టిలోకి తొంగి చూసి, లోపలి గీతకి రెండువేళ్లు అడ్డం పెట్టి చూపించింది. అతను అంతకే వంచాడు. నొక్కి చూశాం. శుభ్రంగా పోయింది.