కాషాయమునకు భయపడిన తల్లి

పంచవటిలో రావణుడు రాక్షసరూపమున రాలేదు. కాషాయవస్త్రము, శిఖ, ఛత్రము, పాదుకలు, దండకమండలువులు ధరించి, వేదఘోష చేయుచు వచ్చెను. అతిథికి గృహిణి చేయదగినదెల్ల సీతమ్మ చేసెను. పీఠమిచ్చెను, పాద్యమిచ్చెను, భోజనమునకు పిలిచెను. పిమ్మటి కథ అందరును ఎరిగినదే. అయితే ఆనాడు అపహరింపబడినది జానకి యొక్కతెయే కాదు. కాషాయముపై లోకమునకుగల నమ్మకము కూడ అపహరింపబడెను.

ఆ నష్టమెంతటిదో సుందరకాండలో తెలియుచున్నది. శింశుపావృక్షముపై కూర్చుండి హనుమంతుడు ఆలోచించుచున్నాడు: ద్విజునివలె సంస్కృతము పలికినచో ఈ తల్లి నన్ను రావణుడని తలచి భయపడునుగదా! సంస్కృతము చేసిన అపరాధమేమి? ఏమియు లేదు. దానిని పలికి యొకడు మోసగించెను, అంతే. ఋశ్యమూకమున భిక్షురూపముతో రామలక్ష్మణులను సమీపించి, తన వాక్కుచేత శ్రీరాముని మెప్పుపొందిన హనుమంతుడే ఇచట ఆ వేషమును, ఆ భాషను విడిచి, సామాన్యజనుల మాటలతో రామకథను వినిపించెను.

అయినను తల్లి నమ్మలేదు. జనస్థానమున సన్న్యాసివై వచ్చిన రావణుడవు నీవే యనెను. రామదూతకు ఇంతకన్న కఠినమైన మాట ఉండునా? ఆయన కోపింపలేదు. రాముని అంగలక్షణములను వర్ణించెను. నరులకు వానరులకు స్నేహమెట్లు కుదిరెనో అడిగినంతయు చెప్పెను. ఆ పిమ్మటనే అంగుళీయకము నిచ్చెను.

ఉంగరమును ముందే చూపవచ్చునుగదా యని కొందరందురు. లంకలో ఆనవాళ్ళకు కొదువయా? రాముని మాయాశిరస్సును, ధనుస్సును తెచ్చి ఆ తల్లిని ఏడిపించినవాడు రావణుడే. తెచ్చినవానియందు నమ్మకము కుదరనిదే ఉంగరము వట్టి బంగారము.

మన వీథులలోను దేవుని పేర చందాలు దండి మాయమైనవా రున్నారు. మరునాడు వచ్చిన నిజమైన భాగవతునికి తలుపు తెరువని ఇల్లాలిని మనము తప్పుపట్టుదుము. అది న్యాయము కాదు. ఆమె సందేహమును ఓర్చుకొనవలసినవాడు గుమ్మమున నిలిచినవాడే.

తరువాత సముద్రతీరమున విభీషణుడు శరణని వచ్చెను. రావణుని తమ్ముడు! సుగ్రీవాదులు సందేహించిరి. అప్పుడు, ఇతని మాటలో దుష్టభావము కానరాదు, ముఖము ప్రసన్నముగ నున్నది, స్వీకరింపదగినవాడని పలికినవాడు, అశోకవనమున రావణుడని అనిపించుకొనిన ఆ హనుమంతుడే.