కోటల చదువు, కాలువల పుణ్యం

బెర్నార్ ఫారె ద బెలిదోర్ (1698–1761) ఫ్రాన్సులోని లా ఫేర్ ఫిరంగిదళ పాఠశాలలో గణితం చెప్పిన పంతులు. కోటల కట్టుబడి నేర్చుకునే సైనిక ఇంజనీర్లకు 1729లో ఆయన రాసిన గ్రంథం చాలాకాలం పాఠ్యపుస్తకంగా నిలిచింది. తరవాత 1737–1753 మధ్య నాలుగు సంపుటాల్లో నీటి కట్టడాల గురించి రాశాడు. రెండింటికీ లెక్క ఒకటే. వెనకనున్న మట్టి ఒత్తిడికి గోడ ఎంత మందం ఉండాలి, తవ్విన మట్టి ఎంత ఎత్తు కట్టకు సరిపోతుంది అనే ప్రశ్నలు బురుజుకూ ఆనకట్టకూ సమానమే.

చంపడానికీ కాచుకోవడానికీ నేర్చిన విద్య చేలకు నీళ్లిస్తే ఆ పుణ్యం ఎవరికి చెందుతుంది? తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు ఇది దూరపు ప్రశ్న కాదు. 1832–33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన డొక్కల కరువు గుంటూరు సీమలో లక్షకు పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. ఆ తరవాత ఇరవై ఏళ్లకు, 1852–55 మధ్య, బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేచింది. దానికోసం పట్టుబట్టినవాడు ఆర్థర్ కాటన్, దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ ఛార్లెస్ ఆర్. ఇద్దరూ మద్రాసు సైనిక ఇంజనీర్లే. కోటల కట్టుబడి పాఠంగా ఉన్న ఆడిస్కూంబ్ కంపెనీ సైనిక పాఠశాలలో చదివిన కాటన్ మొదటి బర్మా యుద్ధంలోనూ పనిచేశాడు. అయితే ఇసుక మీద ఆనకట్ట నిలుస్తుందన్న ధైర్యం అతనికి ఇచ్చింది ఆ చదువు కాదు, కావేరి మీద చోళుల కాలం నుంచీ ఉన్న కల్లణై. బెజవాడ ఆనకట్టకు ఆయుధంతో ఇంకో ముడి కూడా ఉంది, దాని ఒక కొస ఇంద్రకీలాద్రి. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసిన కొండగా జనం చెప్పుకునేది దాన్నే.

మీమాంసకులు ఇలాంటి చిక్కును యజ్ఞం విషయంలో ఎప్పుడో తేల్చారు. హోమం చేసేది ఋత్విక్కు. ఫలం మాత్రం సంకల్పం చెప్పుకుని దక్షిణ ఇచ్చిన యజమానిది. ఈ లెక్కన జీతం తీసుకున్న ఇంజనీర్లు ఋత్విక్కులు, ఈస్టిండియా కంపెనీ యజమాని. కంపెనీ సంకల్పం శిస్తు పెంచుకోవడం. నీటి తీరువా రూపంలో అది కోరుకున్న ఫలం దానికి ముట్టింది. చెరువు తవ్వించినవాడు ఆ నీటిపై తన హక్కు వదులుకుని సకల ప్రాణులకూ ధారపోసే తటాకోత్సర్గం అనే క్రియ ఒకటుంది. వెల కట్టిన నీటికి ఆ ఊసే లేదు. ఆ తర్కానికి తిరుగు లేదు. కానీ గోదావరి తీరాన స్నాన సంకల్పంలో కాటన్‌ను భగీరథుడిగా తలుచుకునే పండితులు దాన్ని లెక్కచేయలేదు. వాళ్ల పోలిక పైకి కనిపించేదానికన్నా లోతైనది. భగీరథుడు గంగను తెచ్చింది బూడిదైన తన పూర్వీకుల కోసం, పొలాల కోసం కాదు. లోకం బాగుపడటం ఆ సంకల్పంలో లేదు, అయినా బాగుపడింది.

కాటన్ వట్టి జీతగాడు కాడు. రైళ్లకన్నా నీళ్లు ముఖ్యమని జీవితమంతా ప్రభుత్వంతో వాదించిన భక్తిపరుడైన క్రైస్తవుడు. అంటే మేలు చేయాలన్న సంకల్పం యజమానిలో కాక ఋత్విక్కులో ఉంది. దీనికి బౌద్ధంలో చోటుంది. అక్కడ చేతనే, అంటే మనసులోని ఉద్దేశమే, కర్మ. ఆ సూత్రానికి పరీక్ష రేపల్లె దగ్గరి భట్టిప్రోలులోనే ఎదురవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి మహాస్తూపం ఇటుకలు రోడ్డుకూ, పాలరాతి పలకలు కాలువ తూము కట్టడానికీ పోయాయి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే మిగిలిన దిబ్బలోంచి ధాతుపేటికలూ, వాటిపై ప్రాచీన బ్రాహ్మీ శాసనాలూ బయటపడ్డాయి. పలకలు పీకించినవాళ్లకు మతం మీద పగ లేదు, కావలసింది రాయి మాత్రమే. ఉద్దేశమే కర్మ అయితే వాళ్లకు పాపం లేదు. పోయిన స్తూపం మాత్రం తిరిగి రాలేదు. ఈ సూత్రం చేసినవాడి మనసును తూచగలదు గాని, జరిగిన నష్టాన్ని తూచలేదు.

మహాభారతం అనుశాసనిక పర్వంలో భీష్ముడు చెప్పిన కొలత వేరు. తవ్వించినవాడి కులగోత్రాలను, ఉద్దేశాన్ని అక్కడ పరిశీలించడం లేదు. నీరు ఏ ఋతువు దాకా నిలుస్తుందన్నదే లెక్క. వానాకాలంలో మాత్రమే నిలిస్తే అగ్నిహోత్ర ఫలం, శరత్తులోనూ ఉంటే వెయ్యి గోవుల దానఫలం, ఎండాకాలం దాకా ఉంటే అశ్వమేధ ఫలం. పుణ్యాన్ని తాగే పశువు వైపు నుంచి కొలిచే ఈ పద్ధతే ఈ నేలకు ఎక్కువగా తగుతుంది. మట్టి మోసిన ఒడ్డెరల వంతు కూడా ఇందులోనే లెక్కకు వస్తుంది. యజమాని–ఋత్విక్కుల లెక్కలో వాళ్లకు చోటే లేదు.

ఆ కొలతకు గడువు కూడా ఉంది. 1952 వరదలో పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో ప్రారంభమైంది. పడమటి కాలువ దుగ్గిరాల దగ్గర పాయలవుతుంది. తెనాలి ఊరి మధ్యగా పారే నీరు రేపల్లె, బాపట్ల శివారు భూములకు చేరేసరికి సన్నబడుతుంది. భీష్ముడి లెక్క చూడవలసింది ఆ శివారు పొలంలోనే, అదీ ఎండాకాలంలో.