పిల్లల నడకకు తగినట్టు

చదువవలసిన భాగం: ఆదికాండము 33:12–17
ధ్యాన వచనం: ఆదికాండము 33:14

ఇరవై ఏళ్లు మామ లాబాను దగ్గర ఊడిగం చేసి తిరిగి వస్తున్న యాకోబుకు ఏశావు నాలుగు వందల మందితో ఎదురొచ్చాడు. అన్నదమ్ములిద్దరూ మెడమీద పడి ఏడ్చారు. దుఃఖం తీరాక, ఇక కలిసి బయలుదేరుదాం, నేను ముందు నడుస్తాను అన్నాడు ఏశావు. దానికి యాకోబు ఇచ్చిన జవాబును మనం చాలాసార్లు చదివి దాటిపోతుంటాం. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్కరోజు తొందరపెట్టి తోలినా మంద దక్కదు, కాబట్టి తమరు ముందు సాగండి, నేను పిల్లలు నడవగలిగినంత మెల్లగా వెనక వస్తాను అని అతడి మాటల సారం.

అన్న అంటే భయం అతడి మనసులో ఇంకా మిగిలే ఉందేమో. అన్న ఉండే శేయీరుకు వస్తానన్నవాడు చివరికి సుక్కోతుకు పోయాడని కూడా అదే అధ్యాయం చెబుతుంది. అయినా అతడి నోట వచ్చిన ప్రయాణ ధర్మం నిజమైనది. పదిమంది కలిసి పోయేటప్పుడు వేగాన్ని నిర్ణయించాల్సింది అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లు.

చేవెళ్ల దగ్గరి మన ఆలూరులో ఈ వాక్యం అవసరమయ్యే రోజులివి. వానలు తగ్గుముఖం పడుతున్నాయి, వాగులు ఇంకా నిండుగా ఉన్నాయి, బడులకు దసరా సెలవులు వస్తున్నాయి. సంఘమంతా కలిసి ఒక్కరోజు ఏదైనా జలపాతం చూసివద్దామన్న మాట లేచింది. ఇది మంచి మాట. శిష్యులకు భోజనానికి కూడా తీరిక లేకపోయినప్పుడు, కాస్త పక్కకు వచ్చి అలసట తీర్చుకోమని పిలిచింది యేసు ప్రభువే (మార్కు 6:31). తెల్లవారకముందే క్యారెట్, టమాట మూటలు కట్టి రోడ్డుకు చేర్చే చేతులకు ఒకరోజు విశ్రాంతి దొరకడం దేవుని దయ. విశ్రాంతి కోసం పోయే ఆ రోజు, బలహీనులకు శిక్ష కాకూడదు.

ఎక్కడికి పోదామన్న దగ్గరే మన ప్రేమకు పరీక్ష మొదలవుతుంది. యువకులు కుంటాల అంటారు. నేరడిగొండ మండలంలో కడెం నది మీద 147 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ ధార తెలంగాణలోనే పేరుపొందినది, చూడాల్సినదే. కానీ కిందికి చేరాలంటే వందల మెట్లు దిగాలి, దిగినన్నీ మళ్లీ ఎక్కాలి. ఆలూరు నుంచి ఆదిలాబాద్ జిల్లాకు ఒక్కరోజులో పోయి రావడమంటే పగలంతా బస్సులోనే గడుస్తుంది. ములుగు జిల్లా వాజేడు మండలంలోని బొగత కూడా అంతే దూరాభారం. మోకాళ్లు పట్టేసిన అవ్వ మెట్ల లెక్క వినగానే, "నేనెందుకులే బిడ్డా, మీరు పోయి రండి" అంటుంది. ఆ మాటను మనం ఆమె పెద్దమనసు కింద జమకట్టి ఊరుకుంటాం. నిజానికి ఆమెను వదిలేసింది మన ఎంపిక.

అదే ఎత్తిపోతలైతే సంగతి వేరు. చేవెళ్ల, మొయినాబాద్ దాటి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా బొంగులూరు దగ్గర దిగి, ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి దారిన నాగార్జునసాగర్ చేరాలి. అక్కడి నుంచి మాచర్ల వైపు సుమారు 11 కిలోమీటర్లు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి, ఆ నీరు పోయి కృష్ణలో కలుస్తుంది. ఎదుటి గట్టు మీద నిలబడితే జలపాతమంతా కళ్లముందే కనిపిస్తుంది. కుర్చీ వేసి అవ్వను కూర్చోబెట్టినా, చంకన బిడ్డ ఉన్న తల్లి నిలబడినా అదే దృశ్యం, అదే హోరు. ఎత్తు కొంచెం తక్కువైతేనేం, అందరూ చూస్తారు.

స్థలం తేలాక అసలు పని ఉంటుంది. పొద్దున బస్సెక్కే ఆడవాళ్లలో చాలామంది నీళ్లు తాగరు. బండి ఎక్కడ ఆపుతారో తెలియదు, ఆపమని అడగడానికి మొహమాటం. మధ్యాహ్నానికి తలనొప్పి, వాంతులు. ఏ ఊళ్లో, ఏ బంకు దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి ఉందో ముందే కనుక్కొని, గంటన్నరకోసారి ఆగుతామని బయలుదేరేటప్పుడే అందరికీ వినబడేలా చెబితే వాళ్లు నిశ్చింతగా నీళ్లు తాగుతారు. ఇంత చిన్న సంగతికి వాక్యం ఎందుకంటారా? పాలిచ్చేవాటి గురించి యాకోబు తలచింది సరిగ్గా ఇలాంటి సంగతే.

డబ్బు సంగతీ అంతే. తలకింత అని లెక్కగడితే ముగ్గురు పిల్లలున్న విధవరాలు నలుగురికి కట్టాలి, పైగా ఆ రోజు కూలి పోతుంది. ఆమె కారణం చెప్పదు, పని ఉందని మానుకుంటుంది. పేరు రాయకుండా ఎవరికి తోచింది వాళ్లు కవరులో వేసే పద్ధతి పెడితే ఎవరు ఎంతిచ్చారో ఎవరికీ తెలియదు. కలిగినవాళ్లు కొంచెం ఎక్కువ వేస్తారు, లేనివాళ్లు తలెత్తుకొని బస్సెక్కుతారు.

పిల్లల లెక్క మరీ ముఖ్యం. పస్కా పండుగ నుంచి తిరిగివచ్చే గుంపులో మరియ, యోసేపులు ఒక దినమంతా నడిచాక గాని పన్నెండేళ్ల యేసు తమతో లేడని గుర్తించలేదు (లూకా 2:44). చుట్టాలలో ఎవరి దగ్గరో ఉంటాడనుకున్నారు. అంత భక్తిగల తల్లిదండ్రులకే అలా జరిగితే మనమెంత? ప్రతి బిడ్డకూ ఒక పెద్దను పేరుపెట్టి అప్పగించాలి. బస్సు దిగినప్పుడల్లా, ఎక్కినప్పుడల్లా పేరుపేరునా పిలిచి చూసుకోవాలి.

నీళ్ల దగ్గర ధైర్యం చూపడం విశ్వాసం కాదు. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతానికి పోయిన పదుల మంది, వాగు పొంగడంతో రాత్రంతా అడవిలో చిక్కుపడ్డారు. సహాయక బృందాలు పోయి వాళ్లను క్షేమంగా తెచ్చాయి. పైన ఎక్కడో వాన పడితే కింద వాగు గంటల్లోనే మారిపోతుంది. అందుకే ఆ వారం వాతావరణ శాఖ చెప్పేది వినాలి, అధికారులు వద్దంటే మారుమాట లేకుండా వెనక్కి తిరగాలి. ఎత్తిపోతల కింది మడుగు మొసళ్లుండే చోటు, అక్కడ ఈత మాటే వద్దు.

రోడ్డు గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2024 డిసెంబరు 2న మన ఆలూరు స్టేజీ దగ్గరే, రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. ఆ దుఃఖం ఇంకా మన మధ్యే ఉంది. కాబట్టి బస్సు మాట్లాడేటప్పుడు కిరాయి ఎంతని అడిగినట్టే, డ్రైవరన్న ముందురాత్రి నిద్రపోయాడా అని అడుగుదాం. అతడికి మనతోపాటే విస్తరి వేద్దాం, మధ్యాహ్నం ఒక గంట పడుకోనిద్దాం. ఇంకో గంట ఉందామని పిల్లలు బతిమాలినా, చీకటి పడకముందే ఎక్కువ దారి గడిచేలా బయలుదేరుదాం.

ఇదంతా చాదస్తంగా తోచవచ్చు. అయితే మన దేవుడు మనల్ని నడిపించిన తీరు చూడండి. ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులను తీసుకొచ్చినప్పుడు ఫిలిష్తీయుల దేశం మీదుగా దగ్గరి దారి ఉంది. అక్కడ యుద్ధం చూసి వాళ్ల గుండె జారిపోతుందని, చుట్టుదారైనా సరే ఎడారి వైపు తిప్పి నడిపించాడు (నిర్గమ 13:17–18). ఆ బానిసల బలమెంతో ఆయనకు తెలుసు. పాలిచ్చేవాటిని మెల్లగా నడిపించే కాపరి అని యెషయా ఆయనను వర్ణించాడు (యెషయా 40:11). మన కాళ్లకు తగినట్టు ఆయన తన నడకను తగ్గించుకున్నందువల్లే మనం ఇంతదూరం వచ్చాం. అలాంటి కాపరి చేతికింద ఉన్నవాళ్లం, మన వెనక నడిచేవాళ్లను తొందరపెడితే ఎలా?

జలపాతం దగ్గర పాడే కీర్తన ఎంత ఆరాధనో, ముందురోజు రాత్రి అవ్వ మందుబిళ్లలు సంచిలో పెట్టడం అంతే ఆరాధన. బస్సులో ముందు సీటు వాంతులయ్యే బిడ్డకు వదలడం, పెరుగన్నం మెత్తగా కలిపి పళ్లులేని తాతకు విడిగా కట్టడం కూడా ప్రభువు లెక్కలోకి వస్తాయి. బలహీనులను దృష్టిలో పెట్టుకొని వేసిన ప్రణాళికే సంఘానికి తగిన ప్రణాళిక.

ప్రార్థన: మా మంచి కాపరీ, మా నడకను ఎరిగి మమ్మల్ని ఇంతవరకు నడిపించావు, నీకు స్తోత్రం. మేము కలిసి ఆనందించాలని కోరుకునే రోజున ఎవరినీ వెనక వదలని మనసు మాకివ్వు. పెద్దల మోకాళ్లను, పసివాళ్ల ఆకలిని, పేదల మొహమాటాన్ని చూసే కళ్లివ్వు. మా దారిని, బండి నడిపే సహోదరుణ్ణి కాపాడు. నీ చేతిపనిని అందరం కలిసి చూసి నిన్ను స్తుతించేలా చేయి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

నేటి తీర్మానం: ప్రయాణానికి "నేను రానులే" అన్న ఒక్కరి ఇంటికి ఈరోజే వెళ్లండి. ఎందుకు రానన్నారో ఓపికగా వినండి. ఆ అడ్డు తొలగేలా ప్రణాళికను మార్చండి.