మృదంగముపై డప్పు నడక

మృదంగమునకు ఒక ఏకవాద్య రచన కూర్చుచు, అందు మన పల్లెల డప్పు దరువునకును చోటీయవలెనని సంకల్పించిన నాటినుండి, ఒక వాద్యమునుండి మరొక వాద్యమునకు నిజముగా సంక్రమింపగలిగినది యేది యను ప్రశ్న నన్ను విడువకున్నది.

నాదము సంక్రమింపదు. కచేరీకి ముందు మృదంగపు ఎడమ మూతపై తడిపిన రవ్వముద్దను అద్ది, గుమికి గంభీరముగా పలుకువరకు దానిని వ్రేళ్లతో సవరించుచుందుము. డప్పునన్ననో, మంటకు చూపి, చర్మములోని తేమ యంతయు ఆరి, తాకినంతనే ఖంగుమనువరకు కాచుదురు. ఒకటి నీటివలన బరువెక్కును, మరొకటి నిప్పువలన బిగియును. కూర్చుండి వినువారికై అది, వీధివెంట నడచువారికై ఇది. కనుక డప్పుకర్రయగు సిర్ర దెబ్బను కుడిచేతి వ్రేళ్లతో ఎంత నేర్పుగా పలికించినను అది అనుకరణమే.

సంక్రమించునది నడక. ఇది నేడు పుట్టిన సంగతి కాదు. పుదుక్కోట్టై మాన్పూండియా పిళ్ళై తవిల్ విద్వాంసుని యొద్ద నేర్చిన లయను కంజీరపై నిలిపెను. శిష్యుడు దక్షిణామూర్తి పిళ్ళై చేతిమీదుగా అది మృదంగమునకును అబ్బెను. తవిల్ ధ్వని రాలేదు, దాని లెక్క వచ్చినది.

డప్పు విషయమున నా చిక్కంతయు ఆ లెక్కతోనే. చతురశ్రగతిలో ఆదితాళము ఆవర్తమునకు 32 మాత్రలు; తకిట తకధిమి తకిట యను 10 మాత్రల జతిని, నడుమ ఒక్కొక్క మాత్ర విడిచి ముమ్మారు పలికినచో ఆవర్తము నిండి, మరుసటి సమము సరిగా చేతికందును. మన ముక్తాయికిని, తబలావారి తిహాయికిని ప్రాణము ఈ ముమ్మారు పలుకుటయే. ఊరేగింపులోని దరువు ఇట్టి గమ్యమును కోరదు. చిందు వేయువాని కాలు మారినపుడు మారును, జనము నిలిచినపుడు నిలుచును. దానిని ముక్తాయిలో బంధించుట నాకు అపచారముగా తోచి, ఆ భాగమునకు తీర్మానము వ్రాయలేదు. తిస్రపు తూగుతో సాగి సాగి, ఆవర్తము నడుమనే అది ఆగిపోవును; మిగిలిన మాత్రలు శూన్యముగా గడచిన పిదపనే, ముగింపునకు దారితీయు మోహరా.

ఈ దరువును తరతరములుగా కాపాడినవారిని మన సభలు చిరకాలము గడప తొక్కనీయలేదు. మృదంగమునకు మూతలు బిగించు చర్మకారులను మాత్రము వదలుకొనలేదు. అందువలన రచన శిరోభాగమున తాళముతోపాటు, దరువు నేర్పిన డప్పు కళాకారుని పేరును వ్రాసితిని. మొదట ఆయన యెదుటనే వాయించెదను. ఆయన పాదము కదలనిచో ఆ భాగమును మరల కూర్చవలసినదే.