తుఫాను భయం – అమ్మకంలో నిజాయితీ



మనం బంగాళాఖాతంలో తుఫాను అనే దానినే కరీబియన్ దీవుల్లో హరికేన్ అంటారు. ఏటా జూన్ 1 నుండి నవంబర్ 30 వరకు అక్కడ హరికేన్ల కాలం. ఆ దీవుల్లో తెరచాప పడవనే ఇల్లుగా చేసుకొని బ్రతికే కుటుంబాలున్నాయి. వంట, నిద్ర, పిల్లల చదువు అన్నీ అందులోనే. ఆ కాలం దగ్గరపడితే వారి ముందు నిలిచే ప్రశ్న ఇది: దక్షిణాన గ్రెనడా, ట్రినిడాడ్ వైపు తరలిపోవాలా? లేక పడవ అమ్మేసి నేల మీద స్థిరపడాలా?

“అల్లాహ్‌పై భారం వేశాం, ఇక కదలం” అనడం తవక్కుల్ కాదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి, దారిలో సర్గ్ అనే చోట ప్లేగు వార్త విని వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ విధివ్రాత నుండి అల్లాహ్ విధివ్రాత వైపుకే వెళుతున్నామని బదులిచ్చారు. అలాగని చేరిన చోటు మనల్ని కాపాడుతుందని కూడా అనుకోరాదు. కాస్త సురక్షితమని పేరున్న గ్రెనడాను 2004 సెప్టెంబరులో ఐవాన్ ధ్వంసం చేసింది. 2024 జూలై 1న బెరిల్ ఆ దేశపు కారియకూ దీవిపై విరుచుకుపడింది. మడ అడవుల చాటున కట్టిన పడవలు సైతం దెబ్బతిన్నాయి. తరలిపోవడం మన ప్రయత్నం, రక్షణ ఆయన చేతిలో ఉంది.

అయితే అసలు పరీక్ష అమ్మకంలో ఎదురవుతుంది. చాలా పడవల డెక్కును రెండు ఫైబర్‌గ్లాసు పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క పెట్టి చేస్తారు. బోల్టుల రంధ్రాల గుండా నీరు దిగితే లోపలి చెక్క నాని కుళ్ళిపోతుంది. పైన రంగు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. సర్వేయరు చిన్న సుత్తితో తట్టినప్పుడు వచ్చే మొద్దు శబ్దమే దాని గుట్టు చెబుతుంది.

ఇది వింటే మాకు మదరసాలో చదువుకున్న హదీసే గుర్తొస్తుంది. దైవప్రవక్త (సఅసం) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. ఆ తడిసిన దానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసగించేవాడు తన వాడు కాడని ఆయన హెచ్చరించారు. గమనించండి, వాన పడటం వర్తకుని తప్పు కాదు. తడిని దాచడమే తప్పు!

నిజం చెబితే ధర తగ్గుతుంది. కొనేవాడు వెనక్కి పోవచ్చు. హరికేన్ల కాలం ముంచుకొస్తుంటే ఆ బాధ చిన్నది కాదు. కాని నోరు మూసుకుంటే, మన పిల్లల్ని తప్పించిన ప్రమాదంలోకి మరొకరి పిల్లల్ని దించినట్టే. వచ్చే గాలివానకు ఆ డెక్కు కింద నిద్రపోయేది వారే. “ఉన్నది ఉన్నట్టే అమ్ముతున్నాం” అని కాగితంపై రాయించుకున్నా, తెలిసి దాచిన పాపం చెరిగిపోదు. దాచిన లోపం బయటపడితే సరుకు తిప్పి ఇచ్చే హక్కును షరీఅత్ కొన్నవానికి ఇచ్చింది. దానినే ఖియారె ఐబ్ అంటారు. ఇద్దరూ నిజం పలికి లోపాలు చెప్పుకుంటే బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని ప్రవక్త (సఅసం) బోధించారు.

మనం పాత ఆటో అమ్మినా, గోడ బీటలు తీసిన ఇల్లు అమ్మినా నియమం ఇదే. తడిసిన ధాన్యాన్ని పైన పెట్టి అమ్మే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.