మూడు ఎనిమిదైన కాగితం

వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చిన మనవడికి ఫోన్‌లో సుడోకు అంటే మహా సరదా. అంకె తప్పు పడితే గడి ఎర్రబడుతుంది, వెంటనే ఇంకోటి నొక్కుతాడు. ఐదు కాకపోతే ఆరు, ఆరు కాకపోతే తొమ్మిది. పది నిమిషాల్లో ఆట అయిపోయేది.

అమ్మమ్మ కళ్లకు ఆ చిన్న తెర ఆనదు. అందుకని వాడు నెట్‌లో ఉచితంగా దొరికే సుడోకు ఒకటి వెతికి, వీధి చివరి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, దానికే ఇంకో కాపీ కొట్టించుకుని వచ్చాడు. ఆమెకొకటి, తనకొకటి. ఆట చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. అడ్డ వరుసలో, నిలువు వరుసలో, తొమ్మిది గడుల పెట్టెలో ఒకటి నుంచి తొమ్మిది దాకా ఏ అంకైనా ఒక్కసారే రావాలి.

ఆవిడ పెన్సిల్ పట్టుకుని గొణుక్కోవడం మొదలుపెట్టింది. “ఈ పెట్టెకు అవతల నాలుగో వరుసలో ఏడు ఉంది, ఆరో వరుసలోనూ ఉంది. అంటే ఇక్కడ ఏడు ఐదో వరుసలోనే ఉండాలి. అందులో ఒక గడిలో రెండు కూర్చుంది. మిగిలినవి రెండు గడులు. మొదటి నిలువులో పైన ఏడు ఉండనే ఉంది. ఇంకేముంది, ఇక్కడే.” అప్పుడు రాసింది.

“ఎంతసేపు అమ్మమ్మా! ఏదో ఒకటి వేసెయ్, తప్పైతే చెరుపుకుందువుగాని.”

“ఏది చెరపాలో నీకెలా తెలుస్తుందిరా?”

వాడికి ఆ మాట కాసేపటికి అర్థమైంది. కాగితం ఎర్రబడదు కదా! సగం నిండాక ఒకే వరుసలో రెండు నాలుగులు తేలాయి. అన్నీ చెరిపి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అంతే. ఇంకోసారి రుద్దేసరికి కాగితం చిరిగింది. “నాకు బుర్ర లేదు” అని మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

ఆవిడ కూడా ఆగిపోయింది. ఎనిమిదో వరుసలో ఐదుకు ఎక్కడా చోటు లేదు. రాసిన అంకెలన్నీ ఒక్కొక్కటే మళ్లీ చూసుకుని, కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. “నేను రాసినవాటికి అన్నిటికీ సాక్ష్యం ఉంది. తప్పు వాళ్లిచ్చిన అంకెల్లోనే ఉండాలి. ఫోన్‌లో చూడు నాన్నా.”

చూశాడు. రెండో వరుసలో ఉండాల్సింది మూడు. ప్రింటర్ సిరా అలికి అది ఎనిమిదైంది.

నీతి: కారణం చూసుకుని అడుగు వేసినవాడికే, దారి మూసుకుపోయినప్పుడు తప్పు తనదో దారిదో తెలుస్తుంది.

చెడిన కాగితం ఇద్దరికీ ఒకటే. ఊహించి నింపినవాడు తన బుర్రనే తిట్టుకున్నాడు. ఆవిడ కాగితాన్ని అనుమానించగలిగింది. ఆ ధైర్యానికి ఆధారం, సరైన సుడోకుకు జవాబు ఒక్కటే ఉంటుందన్న ఒప్పందం. ఈ ఆటను 1979లో అమెరికాలో డెల్ పత్రిక ‘నంబర్ ప్లేస్’ పేరుతో అచ్చువేసింది. రూపొందించింది ఇండియానాపోలిస్‌కు చెందిన రిటైర్డ్ ఆర్కిటెక్ట్ హోవర్డ్ గార్న్స్ అని చెబుతారు. 1984లో జపాన్‌లో నికోలి సంస్థ అందుకుంది. హాంకాంగ్‌లో జడ్జిగా పనిచేసి రిటైరైన వేన్ గౌల్డ్, సుడోకులను తయారుచేసే ప్రోగ్రామ్‌ను ఆరేళ్లు కూర్చుని రాశాడు. 2004 నవంబరులో లండన్ టైమ్స్‌లో అతని పజిళ్లు రావడం మొదలైంది. పత్రికలకు వాటిని ఉచితంగానే ఇచ్చాడు. జవాబు ఒక్కటే కావాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాలని, 16 చాలవని 2012లో డబ్లిన్‌లో గ్యారీ మెక్‌గ్వైర్ బృందం కంప్యూటర్‌తో గాలించి తేల్చింది. అంత పొదుపైన లెక్కను చెడగొట్టడానికి ఒక్క సిరా మరక చాలదూ!

తెరను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చాలా యాప్‌లలో తప్పు చూపించడాన్ని ఆపేసే సెట్టింగు ఉంటుంది, దాన్ని వెతికేవాళ్లే తక్కువ. ఇంట్లో నలుగురూ ఒకే కాగితం మీద వంగినప్పుడు కూడా “అయిందా?” అనే గొంతులే ఎక్కువ వినిపిస్తాయి. “అక్కడ ఏడు ఎందుకు?” అని అడిగే పెద్దవాళ్లు ఒక్కరున్నా ఆట మారిపోతుంది.

ఆ “ఎందుకు?” ఆట బయటా పనికొస్తుంది. మన పిల్లలు రాసే పోటీ పరీక్షల్లో ప్రశ్నే తప్పుగా రావడం కొత్తేమీ కాదు. ప్రాథమిక కీ వచ్చాక అభ్యంతరాలకు గడువిస్తారు. అక్కడ “నాకు వేరే జవాబు వచ్చింది” అంటే చెల్లదు, ఎందుకు వచ్చిందో చూపించాలి.